ప్రోటీన్ ఎక్కువుంటే మంచిదే కదా!

పోయిన ఏడాది ఆగస్టులో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెద్దమ్మ ఒక ఫొటో పెట్టింది. చీపురుపల్లిలో పెదనాన్నకి చేయించిన రక్త పరీక్ష రిపోర్ట్. ఫొటో వంకరగా ఉంది, ఒక మూల పెద్దమ్మ బొటనవేలు కూడా పడింది. నేను హైదరాబాద్‌లో ఆఫీస్ క్యాబ్‌లో ఉన్నా. జూమ్ చేసి పైనుంచి కిందదాకా చూశా. ఒక లైన్ పక్కన ఇంగ్లిష్ అక్షరం 'హెచ్' ఉంది. హెచ్ అంటే హై. టోటల్ ప్రోటీన్ 10.4.

నేను పెట్టిన రిప్లై ఇదీ: "ప్రోటీన్ ఎక్కువే ఉంది పెద్దమ్మా, మంచిదే కదా! పెదనాన్న పప్పు బాగా లాగిస్తున్నట్టున్నాడు." పక్కన కండ చూపిస్తున్న ఎమోజీ ఒకటి.

ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. డిలీట్ చెయ్యలేదు. నా ఉద్యోగమే ఎర్రర్ లాగ్స్ చదవడం. సర్వర్‌లో ఒక్క లైన్ ఎర్రగా కనిపిస్తే రాత్రి రెండింటిదాకా కూర్చుని వెతుకుతా. ఇంట్లో మనిషి రిపోర్ట్‌లో ఎర్ర లైన్ కనిపిస్తే మాత్రం జోక్ వేసి ఫోన్ జేబులో పెట్టుకున్నా.

ఈ వారం కాలమ్ ఆ ఒక్క లైన్ గురించే. అది అర్థమవ్వాలంటే మన ఒంట్లో ప్రోటీన్లు ఎలా తయారవుతాయో కాదు, ఎలా విరుగుతాయో తెలియాలి. ఎముకల బలం, ఇమ్యూనిటీ రెండూ ఆ విరగడం మీదే ఆధారపడి ఉన్నాయని నాకు పెదనాన్న మంచం పట్టాకే తెలిసింది.

మూడు కథలనుకున్నాం

పెదనాన్నకి 64 ఏళ్లు. కిరాణా కొట్టు. జనవరిలో, పండక్కి ముందు, బియ్యం బస్తా ఎత్తబోతుంటే నడుం పట్టేసింది. 25 కిలోల బస్తా. ముప్పై ఏళ్ల నుంచి ఎత్తుతున్నదే. "ఏటవలేదురా, నరం పట్టీసింది అంతే" అన్నాడు.

దగ్గర్లో ఒకాయన ఇంజెక్షన్ చేశాడు. రెండో రోజుకి లేచి కొట్లో కూర్చున్నాడు. పదిహేను రోజులకి మళ్లీ నొప్పి, మళ్లీ ఇంజెక్షన్. ఏప్రిల్ వచ్చేసరికి నీరసం. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు రాశారు. జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి నిమ్ము చేసింది.

మేమంతా వీటిని మూడు కథలుగా చెప్పుకున్నాం. నడుం నొప్పి బస్తా వల్ల. రక్తం తగ్గడం తిండి సరిగా తినక. నిమ్ము వానల్లో తడిసి. ఒక్కో కథకి ఒక్కో కారణం చక్కగా సరిపోయింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

అక్టోబర్‌లో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఊరొచ్చా. పెదనాన్న ఎదురొచ్చాడు. ఆయన నాకన్నా రెండంగుళాలు పొడుగు. చిన్నప్పట్నుంచీ తలెత్తి మాట్లాడిన మనిషి. ఆ రోజు పక్కన నిలబడితే నా కంటి ఎత్తుకి వచ్చాడు. చొక్కా కిందకి జారినట్టుంది. ముసలితనం తొమ్మిది నెలల్లో మనిషిని అంత కుదించదు.

రెండు రోజుల తర్వాత తెల్లారి రైలెక్కించి విశాఖ తీసుకెళ్లాం. డాక్టర్ గారు పాత కాయితాలు అడిగారు. మా దగ్గర కాయితం లేదు, నా ఫోన్‌లో ఫొటో ఉంది. చూపించా. కింద నా ఎమోజీ కూడా కనిపిస్తోంది. "ఇది ఎప్పటిదమ్మా?" అని పెద్దమ్మని అడిగారు. ఆగస్టు అని చెప్పింది. ఆయన ఇంకేం అనలేదు, టెస్టుల లిస్ట్ రాయడం మొదలుపెట్టారు.

వారం తర్వాత పేరు తెలిసింది. మల్టిపుల్ మైలోమా. ఎముకల్లోని మూలుగలో పుట్టే రక్త కేన్సర్. వెన్నుపూసలు రెండు నలిగిపోయి ఉన్నాయి.

అది పప్పులో ప్రోటీన్ కాదు

రిపోర్ట్‌లో కనిపించే టోటల్ ప్రోటీన్‌కీ, మనం తినే పప్పుకీ, గుడ్డుకీ, జిమ్‌లో కలుపుకునే పౌడర్‌కీ నేరుగా సంబంధం లేదు. రక్తంలో తేలుతూ ఉండే ప్రోటీన్లని ల్యాబ్ వాళ్లు రెండు కుప్పలుగా లెక్కేస్తారు. ఒకటి ఆల్బుమిన్, లివర్ తయారు చేస్తుంది. రెండోది గ్లోబ్యులిన్. ఈ రెండో కుప్పలో పెద్ద వాటా యాంటీబాడీలది, అంటే ఇమ్యూనిటీ సైనికులు విసిరే ఆయుధాలు. రెండూ కలిపి మామూలుగా డెసిలీటర్ రక్తంలో 6 నుంచి 8 గ్రాములు, కొంచెం అటూ ఇటూ.

పెదనాన్నకి మొత్తం 10.4. అందులో ఆల్బుమిన్ 3.2. తీసివేత మనకి వచ్చు కదా, మిగిలిన 7.2 గ్లోబ్యులిన్. మామూలు మనిషికి ఉండేదానికి రెట్టింపు పైనే.

యాంటీబాడీలు తయారు చేసేవి ప్లాస్మా కణాలు. మూలుగలో కాపురం. ఒక్కో కణం సెకనుకి వేల యాంటీబాడీలు బయటికి పంపుతుంది. మామూలుగా లక్షల రకాల ప్లాస్మా కణాలు లక్షల రకాల యాంటీబాడీలు చేస్తాయి. మైలోమాలో ఒకే ఒక్క కణం చెడి, తన కాపీలు తనే పెంచుకుంటూ పోతుంది. అన్నీ ఒకే రకం యాంటీబాడీ చేస్తాయి. ఏ క్రిమికీ పనికిరాని స్పామ్ అది. అసలు పని చెయ్యాల్సిన మంచి యాంటీబాడీలు తగ్గిపోతాయి. రిపోర్ట్‌లో ప్రోటీన్ ఎక్కువ, ఒంట్లో రక్షణ తక్కువ. రెండుసార్లు నిమ్ము చేసింది అందుకే. వాన అమాయకురాలు.

ఒంట్లో చెత్త బండి

ఇప్పుడు విరగడం దగ్గరకొద్దాం.

జిమ్‌కెళ్లే ఫ్రెండ్స్‌కి ఈ లెక్క నచ్చుతుంది. పెద్దవాళ్ల ఒంట్లో రోజుకి దాదాపు 250 నుంచి 300 గ్రాముల ప్రోటీన్ విరిగి, మళ్లీ కొత్తగా తయారవుతుంది. మనం తినేది అందులో పావు వంతు ఉంటే గొప్ప. మిగతాదంతా పాత సామాన్లు విప్పి, అదే ఇనుముతో కొత్తవి చేసుకోవడమే. కోడింగ్ తెలిసినవాళ్లకి గార్బేజ్ కలెక్షన్ అంటే చాలు. తెలియనివాళ్లు పొద్దున్నే వీధిలోకొచ్చే చెత్త బండిని తలచుకోండి.

బండి ఏది పడితే అది ఎత్తుకుపోతే కొంప మునుగుతుంది కదా. అందుకే ముందు స్టిక్కర్ వేస్తారు. కణంలో పాతబడిన, వంకరగా తయారైన, పని అయిపోయిన ప్రోటీన్‌కి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ని అతికిస్తారు. 76 అమైనో ఆమ్లాల చిన్న స్టిక్కర్. ఆ స్టిక్కర్ల గొలుసు పడ్డ ప్రోటీన్ ప్రోటియాసోమ్ అనే పీపా లాంటి యంత్రంలోకి పోయి ముక్కలై బయటికొస్తుంది. పెద్ద సరుకుకి, కణం బయట నుంచి మింగినదానికి లైసోసోమ్ అనే ఇంకో సంచీ ఉంది, అందులో ఆమ్లం పోసి కరిగిస్తారు. స్టిక్కర్ రహస్యం కనిపెట్టిన ఆరన్ సిచనోవర్, అవ్రామ్ హెర్ష్‌కో, ఇర్విన్ రోజ్‌లకి 2004లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

చెత్త పారేయడమే అయితే ఇంత గొప్పేముంది అనుకోవచ్చు. గొప్పతనం ఏంటంటే, కణం ఆ చెత్తని చదువుతుంది.

ప్రోటియాసోమ్‌లో నలిగిన ముక్కల్లో కొన్నిటిని, ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాల పొడవున్నవాటిని, కణం తన గోడ మీద బయటికి వేలాడదీస్తుంది. ఇంట్లో ఏం వండుకున్నామో గుమ్మంలో ప్లేట్ పెట్టి చూపించినట్టు. గస్తీ తిరిగే టి కణాలు వచ్చి ఆ ప్లేట్ చూస్తాయి. అన్నీ మన ముక్కలే అయితే ముందుకెళ్లిపోతాయి. ఏదైనా వైరస్ ముక్క కనిపిస్తే ఆ కణాన్ని అక్కడే చంపేస్తాయి. అంటే వైరస్ లోపల దాక్కున్నా చెత్తబుట్ట దాన్ని పట్టిస్తుంది.

ఇంకో పని కూడా ఉంది. ఇమ్యూనిటీకి అలారం లాంటి ఎన్‌ఎఫ్‌-కప్పా-బి అనే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. మామూలుగా దాన్ని ఇంకో ప్రోటీన్ గట్టిగా పట్టుకుని కూర్చోబెడుతుంది. క్రిమి వచ్చిందని కబురందగానే ఆ పట్టుకున్నదానికి స్టిక్కర్ పడుతుంది, ప్రోటియాసోమ్ నమిలేస్తుంది. విడుదలైన అలారం లోపలికెళ్లి ఇమ్యూనిటీ జీన్లని ఆన్ చేస్తుంది. ఒక ప్రోటీన్ చస్తేనే గంట మోగుతుంది.

ఈ అలారం పేరు గుర్తుంచుకోండి. ఎముక దగ్గర మళ్లీ కనిపిస్తుంది.

తవ్వే బ్యాచ్, పూడ్చే బ్యాచ్

ఎముక అంటే సిమెంట్ స్తంభం అనుకుంటాం. కానీ అది ఎప్పుడూ రిపేర్లో ఉండే రోడ్డు. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏడాదికి దాదాపు పదో వంతు తవ్వి కొత్తగా వేస్తారు. తవ్వే బ్యాచ్ పేరు ఆస్టియోక్లాస్టులు, పూడ్చే బ్యాచ్ ఆస్టియోబ్లాస్టులు.

ఎముకలో కాల్షియం ఖనిజం ఎంత ముఖ్యమో కొల్లాజెన్ అనే ప్రోటీన్ తాడు అంతే ముఖ్యం. స్లాబ్‌లో సిమెంట్, ఇనుప చువ్వలు ఉన్నట్టు. ఆస్టియోక్లాస్ట్ ఎముక మీద చూషణ కప్పులా అతుక్కుని, ముందు ఆమ్లం వదిలి ఖనిజాన్ని కరిగిస్తుంది. బయటపడ్డ కొల్లాజెన్‌ని కెథెప్సిన్ కె అనే ఎంజైమ్‌తో కత్తిరిస్తుంది. ఇదీ ప్రోటీన్ విరగడమే. అలా తెగిన కొల్లాజెన్ ముక్కలు రక్తంలోకొస్తాయి. ఎముక ఎంత వేగంగా అరుగుతోందో చూడటానికి డాక్టర్లు రాసే సీటీఎక్స్ అనే టెస్ట్ కొలిచేది వాటినే.

మరి ఆ కత్తెర లాగేస్తే ఎముక గట్టిగా ఉంటుంది కదా? పుట్టుకతోనే కెథెప్సిన్ కె లేనివాళ్లు ఉన్నారు. చాలా అరుదైన జబ్బు, పిక్నోడైసోస్టోసిస్ అంటారు. వాళ్ల ఎముకలు ఎక్స్‌రేలో చాలా చిక్కగా కనిపిస్తాయి, కానీ ఊరికే విరుగుతాయి. పాత రోడ్డు తవ్వకుండా మీద మీద తారు పోస్తూ పోతే ఎలా ఉంటుందో అలా. మెర్క్ కంపెనీ ఈ కత్తెరని ఆపే ఒడనాకాటిబ్ అనే మందు చాలా ఏళ్లు పరీక్షించింది. ఎముకలు విరగడం తగ్గింది, కానీ పక్షవాతం ముప్పు పెరిగిందని తేలి 2016లో వదిలేసింది. విరగడాన్ని పూర్తిగా ఆపడం కూడా జబ్బే. కావాల్సింది బ్యాలెన్స్.

ఇప్పుడు అసలు ముడి. తవ్వే బ్యాచ్‌ని పనిలోకి పిలిచే కబురు పేరు రాంక్ లైగాండ్. అది అందాక ఆస్టియోక్లాస్ట్ తయారవడానికి లోపల మోగే గంటల్లో ముఖ్యమైనది ఇందాకటి అలారమే, ఎన్‌ఎఫ్‌-కప్పా-బి. అదే స్టిక్కర్, అదే ప్రోటియాసోమ్. పైగా ఆ కబురు ఎముక కణాలే కాదు, ఇమ్యూనిటీ టి కణాలు కూడా పంపగలవు. అందుకే కీళ్లవాతం లాంటి ఇమ్యూనిటీ జబ్బుల్లో ఎముక అరుగుతుంది. 2000 నుంచి ఆస్టియోఇమ్యునాలజీ అని ఈ రెండిటికీ కలిపి ఒక సబ్జెక్టే పుట్టింది. ఇమ్యూనిటీ కణాలు పుట్టేది ఎముక లోపలి మూలుగలోనే కదా. ఇంటి ఓనరూ, అద్దెకున్నవాళ్లూ ఒకే మోటారు వాడుకుంటున్నారు.

పెదనాన్న వెన్నులో జరిగింది

మైలోమా కణాలు మూలుగలో చేరి రెండు పనులు చేస్తాయి. తవ్వే బ్యాచ్‌ని ఎక్కువ పిలిపిస్తాయి. పూడ్చే బ్యాచ్‌కి సెలవిప్పించేస్తాయి. చీపురుపల్లి నుంచి గరివిడి రోడ్డంతా ఒకేసారి తవ్వేసి, కంకర లారీలు రావద్దని చెప్పేసినట్టు. బస్తా ఎత్తడం వల్ల పెదనాన్న నడుం విరగలేదు. అప్పటికే గుల్లైన వెన్ను బస్తా రోజున బయటపడింది.

కరిగిన కాల్షియం రక్తంలో కలుస్తుంది. దాహం, మలబద్ధకం, మత్తు. మూలుగలో చోటు లేక ఎర్ర కణాలు తగ్గుతాయి. అది ఐరన్ మాత్రలకి లొంగని రక్తహీనత. కిడ్నీలకి ఇంకో దెబ్బ. స్పామ్ యాంటీబాడీల తాలూకు చిన్న ముక్కలు కిడ్నీలోకి వడకట్టబడి వస్తాయి. కిడ్నీ కణాలు వాటిని మింగి లైసోసోముల్లో కరిగించడానికి ప్రయత్నిస్తాయి. మోతాదు మించితే కరగవు, గొట్టాల్లో అచ్చులా గడ్డకట్టేస్తాయి. చెత్త బండి సామర్థ్యం దాటిపోవడమంటే ఇదే.

మన వైపు క్రియాటినిన్ పెరిగిందనగానే అందరికీ ఉద్దానం గుర్తొస్తుంది, గుర్తు రావాలి కూడా. కానీ క్రియాటినిన్‌తో పాటు తగ్గని ఎముక నొప్పీ, రక్తహీనతా ఉంటే మైలోమా కాదని తేల్చుకోవడం కూడా అవసరం.

మరి ఆ ఇంజెక్షన్‌కి నొప్పి ఎందుకు తగ్గేది? అందులో ఉన్నది డెక్సామెథసోన్, స్టెరాయిడ్. మైలోమా చికిత్సలో కూడా వాడే మందే అది. ఒక్కో సూది జబ్బుని కాసేపు నిద్రపుచ్చింది, మాకు తగ్గుతోందన్న ధైర్యం ఇచ్చింది. నెలల తరబడి స్టెరాయిడ్ వాడితే కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది, ఇమ్యూనిటీ తగ్గుతుంది. ఈ మూడూ ముందే తగ్గుతున్న మనిషికి మేం అదే ఇప్పించాం.

చెత్త బండిని ఆపే మందు, దారి మళ్లించే మందు

సెకనుకి వేల యాంటీబాడీలు తయారు చేసే కణానికి వంకర సరుకు కూడా ఎక్కువే వస్తుంది. అందుకే మైలోమా కణం ప్రోటియాసోమ్ మీద మామూలు కణాలకన్నా ఎక్కువ ఆధారపడుతుంది. దాన్ని ఆపేస్తే? తన చెత్తలో తనే ఊపిరాడక చస్తుంది. 2003లో అమెరికా అనుమతి పొందిన బోర్టిజోమిబ్ చేసేది అదే. పెదనాన్నకి వారానికోసారి పొట్ట మీద చర్మం కింద ఇస్తున్న సూది ఇది. కణాన్ని చంపడమే కాక, పూడ్చే బ్యాచ్‌కి కూడా ఈ మందు కొంత ఊతమిస్తుంది. ఆస్టియోబ్లాస్టులు ఎదగడానికి కావాల్సిన ఒక ప్రోటీన్ కూడా ప్రోటియాసోమ్‌లోకే పోతుంటుంది, అది కాస్త మిగులుతుంది.

రెండో మందు కథ సినిమా తీయొచ్చు. 1957లో జర్మనీలో థాలిడోమైడ్ అనే మాత్ర మార్కెట్లోకొచ్చింది. గర్భిణులు వేవిళ్లకి వాడారు. చేతులు, కాళ్లు సరిగా ఎదగని పిల్లలు పది వేల మందికి పైగా పుట్టారు. 1961లో జర్మనీలో ఆపేశారు. ఆ మాత్ర అసలు దేన్ని పట్టుకుంటోందో యాభై ఏళ్లు ఎవరికీ తెలీదు. 2010లో జపాన్‌లో హిరోషి హాండా బృందం కనిపెట్టింది. అది పట్టుకునేది సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌ని, అంటే స్టిక్కర్లు వేసే బృందంలో ఒక మనిషిని. మాత్ర వెళ్లి ఆ మనిషి చేతికి తప్పుడు అడ్రస్ ఇస్తుంది, మామూలుగా స్టిక్కర్ పడని ప్రోటీన్లకి పడుతుంది. గర్భంలో శిశువుకి కావాల్సిన ఎస్‌ఏఎల్‌ఎల్‌4 అనే ప్రోటీన్ అలా పోతుందని 2018లో బయటపడింది.

అదే తప్పుడు అడ్రస్ మైలోమాలో వరమైంది. థాలిడోమైడ్‌కి తమ్ముడు లాంటి లెనలిడోమైడ్ వేస్తే, మైలోమా కణం బతకడానికి తప్పనిసరైన ఇకారోస్, అయోలోస్ అనే రెండు ప్రోటీన్ల మీద స్టిక్కర్ పడి, అవి చెత్తలోకి పోతాయని 2014లో తేలింది. పైగా టి కణాలు కూడా చురుగ్గా మారతాయి. ఒక మందు చెత్త బండిని ఆపుతుంది, ఇంకోటి దాని దారి మళ్లిస్తుంది. రెండూ ఒకే మనిషికి కలిపి ఇస్తారు. మొదటిసారి విన్నప్పుడు నాకు ఇది బగ్‌లా అనిపించింది, కానీ పని చేస్తోంది.

ఈ మాత్ర అమెరికాలో ఒక్కోటి వందల డాలర్లు ఉండేది. అక్కడ దాని మొదటి జెనరిక్ 2022 మార్చిలో వచ్చింది. తయారు చేసింది మన హైదరాబాద్ నాట్కో, అమ్మింది టేవా. అదే ఏడాది సెప్టెంబర్‌లో డాక్టర్ రెడ్డీస్ జెనరిక్ కూడా వచ్చింది. పక్క జిల్లా పైడిభీమవరంలో మందుల కంపెనీల యూనిట్లు ఉన్నాయి కదా, అక్కడ పనికెళ్లే మా ఫ్రెండ్ ఒకడికి ఈ కథంతా చెప్తే, "మనోళ్లు చేస్తున్నార్రా, ఇంకేటి భయం!" అన్నాడు. భయం తగ్గదు, ఖర్చు మాత్రం నిజంగానే తగ్గింది.

ఉచితంగా ఏదీ రాదు

ఇమ్యూనిటీకి, ఎముకకి, కేన్సర్‌కి మోటారు ఒకటే అయినప్పుడు మందు ఒక్కదాన్నే తాకదు కదా. ప్రోటియాసోమ్‌ని ఆపే మందు వాడేవాళ్లలో చిన్నప్పటి అమ్మోరు వైరస్ నిద్రలేచి అక్కిగా బయటపడే ప్రమాదం పెరుగుతుంది. అక్కి అంటే మన ఊళ్లో కుమ్మరి చేత పూత పెట్టిస్తారే, అదే. దానికి ముందు జాగ్రత్తగా ఎసైక్లోవిర్ మాత్ర ఇస్తారు. పెద్దమ్మ ఒకసారి "ఇన్ని మాత్రలెందుకు, ఇదొకటి మానేద్దారి" అంటే, ఆ మాత్ర ఎందుకో గంట సేపు చెప్పాల్సొచ్చింది. పాదాల్లో తిమ్మిర్లు వస్తే డాక్టర్‌కి చెప్పాలి, డోస్ మారుస్తారు. లెనలిడోమైడ్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది, దానికి వేరే మాత్ర. ఇంట్లో గర్భిణులుంటే ఆ క్యాప్సూల్ ముట్టుకోనివ్వకూడదు. ఎముక అరగకుండా జోలెడ్రోనిక్ యాసిడ్ ఇచ్చేముందు పళ్ల డాక్టర్‌కి చూపించాలి, ఎందుకంటే ఆ మందు మీద ఉన్నప్పుడు పన్ను పీకిస్తే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఎప్పుడు వేయించాలో డాక్టర్‌నే అడగాలి. ఈ జబ్బులో మొదటి నెలల్లో ప్రాణం తీసేది చాలాసార్లు కేన్సర్ కాదు, ఇన్ఫెక్షన్. అందుకే జ్వరం వస్తే రేపటిదాకా ఆగకూడదు.

మీ ఇంటి రిపోర్ట్ తీసి చూడండి

నేను డాక్టర్‌ని కాను. రిపోర్ట్ సరిగా చదవనివాణ్ని. ఆ అర్హతతోనే చెప్తున్నా.

యాభై దాటిన అమ్మకో నాన్నకో నడుం నొప్పి, పక్కటెముకల నొప్పి ఆరు వారాలైనా తగ్గకపోతే, రాత్రి పడుకున్నా వదలకపోతే, ఇంజెక్షన్‌తో ఆగి మళ్లీ మళ్లీ వస్తుంటే, అది బస్తా నొప్పి అని మీరే తేల్చెయ్యకండి. దాంతోపాటు కారణం తెలియని రక్తహీనత, మాటిమాటికీ నిమ్ము, ఎత్తు తగ్గడం ఉంటే అస్సలు ఆగకండి.

పాత రిపోర్ట్ ఉంటే టోటల్ ప్రోటీన్‌లోంచి ఆల్బుమిన్ తీసెయ్యండి. 4 దాటితే డాక్టర్‌కి చూపించి "ఇది ఎందుకు ఎక్కువుంది?" అని అడగండి. ఈఎస్‌ఆర్ వంద దాటినా అంతే. గ్లోబ్యులిన్ పెరిగిన ప్రతి మనిషికీ కేన్సర్ ఉండదు. లివర్ జబ్బు, దీర్ఘకాలం ఉన్న ఇన్ఫెక్షన్లు కూడా కారణం కావచ్చు. తేల్చడానికి సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్త పరీక్ష ఉంది. స్పామ్ యాంటీబాడీ ఉంటే గ్రాఫ్‌లో సూదిలా ఒక శిఖరం లేస్తుంది. పెదనాన్నది చూపించినప్పుడు నాకే అర్థమైంది, సర్వర్ ట్రాఫిక్ గ్రాఫ్‌లో దాడి జరిగిన రోజు ఉన్నట్టుంది.

నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి కొనెయ్యకండి. మైలోమా ఉన్న కిడ్నీకి అవి ఇంకో దెబ్బ. ఏ ఇంజెక్షన్ చేసినా పేరు కాయితం మీద రాయించుకోండి. డబ్బు గురించి భయపడి ఇంట్లో కూర్చోకండి. ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో ఆస్పత్రిలో అడగండి.

ఈ జబ్బు పూర్తిగా పోతుందని డాక్టర్లు మాటివ్వరు. అణిచి ఉంచి ఏళ్ల తరబడి బతికిస్తారు. పెదనాన్న కోల్పోయిన రెండంగుళాలు తిరిగి రావు. ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు నా చేతిలో ఉన్న రెండు నెలలూ తిరిగి రావు.

ఇప్పుడు సాయంత్రం పూట కొట్లో కూర్చుంటున్నాడు, నడుముకి బెల్ట్ పెట్టుకుని. బస్తాలు కుర్రాడు ఎత్తుతాడు. నెలకోసారి రిపోర్ట్ రాగానే ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న, "ప్రోటీన్ ఎంతుందిరా?" పోయిన నెల 7.6. ఆ లైన్ పక్కన హెచ్ లేదు. ఫొటోలో పెద్దమ్మ బొటనవేలు మాత్రం ఉంది.

ఇది రాస్తానని ఆయన్ని అడిగా. పేరు వెయ్యనని, ఎమోజీ సంగతి కూడా రాస్తానని చెప్పా. "రాయరా. మనకి తెలీక పోనాది. ఇంకోలికైనా తెలుస్తాది కదా" అన్నాడు.

వచ్చే వారం కలుద్దాం. ఈలోగా ఫ్యామిలీ గ్రూప్‌లో పాత రిపోర్టులు ఏమైనా ఉంటే ఒకసారి పైకి స్క్రోల్ చేసి చూడండి.